మనోవ్యాధికి మందు మన ముంగిటనే

మగ్గము నమ్ముకొన్న యిండ్లలో ఒకరికి మతి చలించినచో, ఆ సంగతి దాచుట మనలో పరిపాటి. దూరపు ఆసుపత్రికి పోవలెనన్న కూలి పోవును, చార్జీలు కావలెను. తుదకు రోగిని ఎచ్చటనో వదలి వచ్చుట జరుగును. దాని ఫలము 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో చూచితిమి. గొలుసులతో కట్టియుంచిన రోగులు 28 మంది అగ్నికి ఆహుతియైరి.

వేరొక మార్గము కలదని తెలుగువారు హెచ్చుగా నున్న బళ్లారి జిల్లాయే చూపినది. 1980ల దశాబ్దములో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు అచ్చటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదునిచ్చి, మందులు ఊరి చేరువనే దొరకునట్లు చేసిరి. ఆ నమూనాపైనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము వెలసినది. 2017 నాటి చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది.

అయినను మందొక్కటే చాలదు. కోలుకొన్నవారికి పని కావలెను. మొదట కండెలు చుట్టుట, పిదప ఆసు పోయుట, ఆపైన మగ్గము. ఇట్లు అంచెలుగా అప్పగింపవచ్చును. కూలి చేసిన పనికి తగినట్లు ఈయవలెను. అది దానము కారాదు.

జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ దినమున చూతురో విచారించి, ప్రతి సంఘమును తన బోర్డుపై వ్రాయింపవలెనని కోరుచున్నాము. 14416 నంబరుకు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. దాచిన రోగము ముదురును. చెప్పుకొన్నచో దారి దొరకును.