షట్టరు పాడైందా, అలుగు పారుతోందా?

ప్రోస్టేట్ ఆపరేషన్ మాట ఎత్తగానే జగ్గయ్యపేట, నందిగామ పెద్దమనుషులకు ఒకటే బెంగ: "తర్వాత పంచె తడుపుకుంటూ బతకాలా?" ఇప్పటికే తడుస్తున్నవాళ్ళేమో "వేడి చేసింది" అనుకుని బార్లీ తాగుతారు, లేదా మంచినీళ్ళు తగ్గించేస్తారు. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, అంతే.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు మూత్రం ఎందుకు కారుతుందో చెప్పడం తేలిక. మూత్రాశయం చెరువనుకుంటే దాని కింద రెండు షట్టర్లు, నడుమ ప్రోస్టేట్. మామూలు వాపుకు గ్రంథిని లోపల్నుంచి తొలిచినప్పుడు పై షట్టరు పోయినా కిందిది కాస్తుంది. అందుకే వాళ్ళలో శాశ్వతంగా కారడం అరుదు. క్యాన్సర్‌కు గ్రంథి మొత్తం తీసేస్తే కింది షట్టరుకూ దెబ్బ తగలొచ్చు. అదీ చాలామందిలో కటి కండరాల వ్యాయామాలతో ఏడాదిలోపు సర్దుకుంటుంది.

సర్దుకోనివాళ్ళకు ఆపరేషన్ ఉంది. కొద్దిగా కారుతుంటే మూత్రనాళం కింద పట్టీ వేసి ఎత్తికడతారు. బాగా కారితే కృత్రిమ షట్టరే. 1972లో హ్యూస్టన్‌లో డాక్టర్ బ్రాంట్లీ స్కాట్ దీన్ని మొదట అమర్చారు. నేటి ఏఎంఎస్ 800 రకం 1983లో వచ్చింది. నాళం చుట్టూ ద్రవం నిండిన కడియం, పొత్తికడుపులో బెలూన్, వృషణాల సంచిలో పంపు. పంపే లస్కరు, అంటే కాలువ షట్టర్లు తిప్పేవాడు. నొక్కితే కడియంలోని ద్రవం బెలూన్‌లోకి పోతుంది, నాళం తెరుచుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ద్రవం తనంతట తానే వెనక్కొచ్చి మూసేస్తుంది. మళ్ళీ మూయడం మరిచే లస్కరు కాదు, రాత్రిపూట పై రైతుకు నీళ్ళు వదిలే రకం అసలే కాదు! ఖర్చు లక్షల్లో. గాయం మానడానికి ఆరు వారాలు ఆగి పని మొదలుపెట్టిస్తారు. కొన్నేళ్ళకు కొందరికి మార్చాల్సి రావచ్చు.

అయితే కారేదంతా షట్టరు తప్పు కాదు. దారి మూసుకుపోయి చెరువు నిండితే అలుగు పారుతుంది. వాచిన ప్రోస్టేట్‌తో బొట్లు బొట్లుగా పడేది తరచూ ఇదే. అక్కడ ఇంకో షట్టరు బిగిస్తే కిడ్నీలకే ముప్పు, అడ్డు తీయాలి. అందుకే విజయవాడైనా హైదరాబాదైనా, ముందు మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు.

కృత్రిమ షట్టరున్నవాళ్ళు ఆ సంగతి రాసిన కార్డు జేబులో ఉంచుకోవాలి. హైవే మీద ప్రమాదం జరిగి స్పృహ తప్పితే, కడియం తెరిచి ఉంచకుండా మూత్రపు గొట్టం తోసే ప్రమాదం ఉంది. అలా తోస్తే నాళం చిరగొచ్చు.