డయాలసిస్ పొందు పురుషులలో రక్తనాళముల ఆరోగ్యము



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మూత్రపిండములు చెడి డయాలసిస్ మీద ఉన్న సోదరులకు, వారి కుటుంబములకు ఈ వ్యాసము ఉద్దేశింపబడినది. ఇట్టి పురుషులలో సగమునకు మించిన వారికి అంగస్తంభన లోపము కలుగును. చాలమంది సిగ్గుపడి దీనిని వైద్యునకు చెప్పరు. అట్లు దాచుట ప్రాణమునకే ముప్పు తేవచ్చును.

కారణమేమి?

చెరువు క్రింద సేద్యము చేయు మీకు ఒక సంగతి తెలియును. కాలువలు పూడినపుడు పెద్దకాలువ పారుచున్నను, చివరి మడికి పోవు పిల్లకాలువలో నీరు ముందుగా తగ్గును. శరీరములోను ఇట్లే జరుగును. పురుషాంగమునకు రక్తము తెచ్చు నాళముల వెడల్పు సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు. గుండె కండరమునకు రక్తమిచ్చు నాళములు సుమారు 3 నుండి 4 మిల్లీమీటర్లు. కావున నాళములు పూడుట మొదలైనచో సన్నని వాటిలో లోపము ముందుగా బయటపడును. ఇది రాబోవు గుండెజబ్బునకు హెచ్చరిక కావచ్చును.

మధుమేహము, అధిక రక్తపోటు మూత్రపిండములను చెరచునట్లే నాళములను కూడ చెరచును. పైరుకు వేయు భాస్వరము మన ఆహారములోను ఉండును. చెడిన మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు. డయాలసిస్ కొంత మాత్రమే తీయగలదు. అది రక్తములో మిగిలినచో నాళముల గోడలలో సున్నము పేరుకొని అవి గట్టిపడును. రక్తహీనత, నరముల బలహీనత, పురుష హార్మోను తగ్గుట, మనోవ్యాకులత, కొన్ని రక్తపోటు మందులు కూడ ఈ లోపమునకు కారణములు.

చేయవలసినవి

1. డయాలసిస్ సాధారణముగా వారమునకు 3 సార్లు, ఒక్కొక్కసారి 4 గంటలు జరుగును. నాట్లు, కోతలున్నవని ఒక్క దినమైనను మానరాదు.

2. బీడీ, చుట్ట, పొగాకు పూర్తిగా విడువవలెను.

3. ఉప్పు, ఊరగాయలు తగ్గించి, వైద్యుడు చెప్పిన కొలత మేరకే నీరు త్రాగవలెను.

4. భాస్వరమును అడ్డు మాత్రలు వ్రాసి ఇచ్చినచో భోజనముతో పాటే మ్రింగవలెను.

5. రక్తపోటు మాత్రలపై అనుమానమున్నచో స్వయముగా మానక వైద్యునకు తెలుపవలెను. ఆయన మందు మార్చగలడు.

చేయరానివి

మందుల దుకాణములో అడిగి సిల్డెనాఫిల్ మాత్రలు తెచ్చుకొనరాదు. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను నైట్రేట్ మాత్రలు వాడువారు దీనిని మ్రింగినచో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయము కలుగును. డయాలసిస్ రోగులకు ఈ మందు మోతాదును, వేళను వైద్యుడే నిర్ణయింపవలెను. సంతలలో అమ్ము భస్మములు, లేహ్యములు వాడరాదు. వాటిలో సీసము, పాదరసము ఉండవచ్చును.

చికిత్స కలదు

ఇది మగతనము పోవుట కాదు. జబ్బులో ఒక భాగము. రక్తహీనత సరిచేసినను, తగిన మందు వాడినను పలువురికి మేలు కలుగును. మూత్రపిండ మార్పిడి తరువాత కొందరిలో తిరిగి బాగగును. భార్యతో విషయము దాచక మాట్లాడుకొనుట మంచిది.

రాబోవు డయాలసిస్ దినమున వైద్యునితో ఏకాంతముగా ఈ మాట చెప్పుడు. నడచునపుడు ఆయాసము, ఎదలో బిగువు కలుగుచున్నచో అదియు తెలిపి, గుండె పరీక్ష చేయింపుమని అడుగుడు.