బాయి కాడ మన కన్ను మనమే పెట్టుకుందాం

రెండేండ్ల కింద యాసంగిల మా బాయి కాడ మోటర్ కేబుల్ కోసుకపోయిండ్రు. దొంగకు అండ్ల రాగి అమ్ముకుంటె వచ్చేది కొన్ని పైసలే. మాకు మాత్రం మళ్ల కేబుల్ దొరికేదాక పొట్టకచ్చిన మడి ఎండిపాయె. అంతకన్న పెద్ద నష్టం ఇంకోటి అయింది. ఎవ్వలు సూడకపోయినా ఊరి అనుమానం ఒక కైకిలి పిలగాని మీద పడ్డది. రుజువు లేదు, పత్రం లేదు, ఉన్నదల్ల పేదరికమే. వాడు ఊరిడిసి పోయిండు. అసలు దొంగ ఎవడో ఇప్పటికీ తెల్వది.

అప్పటిసంది నాకు ఒకటే సోయి. అక్కడ ఒక సాక్షి ఉండాలె. ఆ సాక్షి మన చేతులుండాలె. బజార్ల దొరికే కెమెరాలు చాన మట్టుకు మన ఫోటోలను కంపెనీ సర్వర్‌కు పంపుతయ్. అందుకే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మనమే ఒకటి తయారు చేసుకుందాం. నేను ఇంజినీరును కాదు, యూట్యూబ్ సూసుకుంట, కాలబెట్టుకుంట నేర్సుకున్నోన్ని. నాకు వచ్చినప్పుడు మీకెందుకు రాదు?

దీనికి గుండెకాయ రాస్ప్‌బెర్రీ పై. ఇంగ్లండుల కేంబ్రిడ్జ్‌ల పుట్టి 2012ల బయటికొచ్చిన చిన్న కంప్యూటర్. బడి పిల్లలు సుత కొనుక్కోని ప్రోగ్రాం రాసుడు నేర్వాలెనని చేసిండ్రు. మన పనికి 2021ల వచ్చిన 'జీరో 2 డబ్ల్యూ' సాలు. సూయింగం ప్యాకెట్టంత ఉంటది, వైఫై అండ్లనే ఉన్నది. పిన్నులు అతికించి ఉన్నదే కొనుండ్రి, లేకుంటె టంకం పెట్టుకోవాలె. ఇంకా మెమరీ కార్డు, కెమెరా, పీఐఆర్ సెన్సర్, పవర్ బ్యాంకు కావాలె. కెమెరాల 'నోఐఆర్' రకం తీసుకుంటె, పక్కన ఇన్‌ఫ్రారెడ్ లైటు పెట్టి చీకట్ల సుత ఫోటో తీయొచ్చు. జర యాది పెట్టుకోండ్రి, జీరో బోర్డుకు కెమెరా పట్టీ సన్నగ ఉంటది, అది వేరేగ అడిగి తీసుకోవాలె.

పీఐఆర్ సెన్సర్ అంటే మన వీధి లైట్ల కాడ, ఆఫీసు తలుపుల కాడ కనపడే తెల్ల బుడిపె. అది బొమ్మ సూడదు, వేడి సూస్తది. మనిషి ఒంటి నుంచి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వస్తయ్. లోపల సెన్సర్‌ల రెండు భాగాలుంటయ్. మనిషి అడ్డంగ నడిస్తె ఆ వేడి ఒక భాగం మీద ముందు, ఇంకోదాని మీద తర్వాత పడ్తది. ఆ తేడానే 'కదలిక' అని చెప్తది. మామూలుగ దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్501 ఏడు మీటర్ల దాక పట్టుకుంటది.

కలుపుడు అల్కనే. సెన్సర్‌కు మూడు కాళ్లు. కరెంటు కాలును బోర్డు 2వ పిన్నుకు, గ్రౌండును 6వ పిన్నుకు, కబురు చెప్పే నడిమి కాలును 11వ పిన్నుకు కలపాలె. ఐదు వోల్టుల తీగెను తప్పిపోయి 11ల పెడితె బోర్డు ఖతం కావచ్చు. అందుకే కరెంటు బంద్ పెట్టి, రెండుసార్లు సూసి కలుపుండ్రి.

ఇగ ప్రోగ్రాం పైథాన్‌ల రాస్తం. సెన్సర్‌కు జీపీఐవో జీరో, కెమెరాకు పైకెమెరా2 అనే తయారు పనిముట్లున్నయ్. మనం చెప్పేది ఇంతే: కదలిక వచ్చేదాక ఆగు, రాంగనే ఫోటో తీయి, తారీఖు టైంతోని దాసిపెట్టు, పది సెకన్లు ఆగి మళ్ల మొదలువెట్టు. బాయి కాడ పాత ఫోన్‌తోని హాట్‌స్పాట్ పెడితె, టెలిగ్రాం బాట్ ద్వారా ఫోటో మన ఫోన్‌కొస్తది. అప్పుడు ఆ ఫోటో టెలిగ్రాం సర్వర్ మీదికెళ్లి పోతదని ఎర్కుండాలె. నెట్టు లేకుంటె కార్డుల ఉంటది, పొద్దుగాల సూసుకోవాలె. అప్పుడది కావలి కాదు, సాక్షి మాత్రమే.

తిప్పలు సుత చెప్పాలె. మే నెల పగటీలి సుట్టున్న వేడి మన ఒంటి వేడి దాక వస్తది, తేడా లేక సెన్సర్ సరిగ పట్టది. కుక్క వచ్చినా, పంది వచ్చినా ఫోటో పడ్తది. రెండోది, జీరో బోర్డుల గడియారానికి బ్యాటరీ లేదు. నెట్టు లేనికాడ కరెంటు పోయి వస్తె టైం తప్పు పడ్తది, తప్పు టైం ఉన్న ఫోటో సాక్ష్యానికి పనికిరాదు. డీఎస్3231 అనే గడియారం ముక్క కలిపితె ఆ తిప్పల తీరుతది. మూడోది పాస్‌వర్డ్. 2016ల మిరాయ్ అనే వైరస్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలల్ల జొరబడి అమెరికాల పెద్ద పెద్ద సైట్లనే ఆపింది. మీ ఊరి పేరు, ఫోన్ నంబరు పాస్‌వర్డ్‌గ పెట్టకుండ్రి.

అన్నిటికన్న పెద్ద ముచ్చట ఇది. బాయి కాడికి కైకిలికొచ్చిన ఆడోళ్లు ఆడనే కాళ్లు కడుక్కుంటరు, చీర సదురుకుంటరు. ఆ కాడ పగటీలి కెమెరా నడిస్తె అది కావలి కాదు, కీడు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆడమనిషి చాటుగ ఉన్నప్పుడు ఫోటో తీసుడు భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. అందుకే ప్రోగ్రాంల ఇంకో మాట రాయుండ్రి: రాత్రి 9 నుంచి తెల్లారి 5 దాకనే పనిచేయి. కెమెరా మూతిని స్టార్టర్ డబ్బా దిక్కు పెట్టుండ్రి, పక్కోని పొలం దిక్కు, తొవ్వ దిక్కు వద్దు. కెమెరా ఉన్నదని బోర్డు రాసి పెట్టుండ్రి. వారం దాటిన ఫోటోలు తుడిసేయుండ్రి.

ఫోటోల ఎవడన్నా పడితె వాట్సాప్‌ల తిప్పుడు, చెట్టుకు కట్టేసుడు చేయకుండ్రి. ఠాణకు ఇయ్యుండ్రి. రాత్రి తొవ్వెంట పోయేటోడు నీళ్లు తాగనీకి ఆగినా సెన్సర్‌కు కదలికే. వాడు దొంగనా కాదా అనేది మిషన్ చెప్పది.

మా బాయి కాడ ఇప్పుడొక చిన్న డబ్బా ఉన్నది. ఆ రాత్రే ఉండి ఉంటె దొంగ దొరికేటోడో లేదో నాకు తెల్వది. ఊరిడిసి పోయిన ఆ పిలగాని దిక్కు మాట్లాడనీకి మాత్రం ఒక్క సాక్షన్నా ఉండేది.