కథను కథ లెక్కనే సదువుదాం

విశ్వనాథ సత్యనారాయణ పుస్తకం గావాలని అడిగితే షాపోళ్లు ముందుగాల 'వేయిపడగలు' చేతుల పెడ్తరు. జ్ఞానపీఠం మాటొస్తే 'రామాయణ కల్పవృక్షం' అంటరు. కానీ ఆయన రాసిన చారిత్రక నవలల వరుసలు మూడున్నయి. 'పురాణవైర గ్రంథమాల' పేరు మీద 12, నేపాళ రాజవంశం మీద 6, కాశ్మీర రాజవంశం మీద 6. మొత్తం 24 నవలలు. వీటి గురించి మాట్లాడెటోళ్లు తక్కువ. మాట్లాడినా సగం మంది తలకెత్తుకుంటరు, సగం మంది తీసి పారేస్తరు. సదివి మాట్లాడెటోళ్లు ఇంకా తక్కువ.

అసలు ఆ పేరేంది? పురాణాల మీద పగవట్టి ఇంగ్లీషోళ్లు మన చరిత్రను కురచ జేసిన్రు అన్నది విశ్వనాథ వాదన. అందుకే అది 'పురాణవైరం'. 'భగవంతుని మీది పగ'తోని మొదలై 'నివేదిత' దాకా మగధ రాజవంశాల కథ నడుస్తది. రాజుల కుట్రలు, యుద్ధాలే గాదు, మంత్రాలు, తంత్రాలు, క్షుద్రవిద్యలు కూడా అందుల ఉంటయి. రాజ్యం కూలినా పగ మాత్రం తరాలు దాటి వస్తనే ఉంటది. అట్ల సదివిస్తయి గనుకనే ఇవి నవలలైనయి.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఈ నవలల కాలలెక్క కోట వెంకటాచలం చెప్పింది. ఆ లెక్కల భారత యుద్ధం క్రీ.పూ. 3138ల జరిగింది. చంద్రగుప్త మౌర్యుడు క్రీ.పూ. 1534ల గద్దెనెక్కిండు. అలెగ్జాండర్ వచ్చినప్పుడున్న చంద్రగుప్తుడు మౌర్యుడు గాదు, గుప్త వంశపోడు. మనం బడిల సదువుకున్నదానికీ దీనికీ పన్నెండు వందల ఏండ్ల తేడా. గ్రీకులు రాసిన 'శాండ్రకొట్టస్' చంద్రగుప్త మౌర్యుడే అని 1793ల విలియం జోన్స్ చెప్పిండు. కోట వెంకటాచలం కొట్లాట ఆ మాట మీదనే.

జోన్స్ మాటనొక్కదాన్నే నమ్మాల్సిన పని లేదు. రాళ్లనడుగుదాం. అశోకుడు తన పదమూడో శిలాశాసనంల ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు చెక్కించిండు. సిరియా ఏలిన ఆంటియోకస్, ఈజిప్టు ఏలిన టాలమీ అందుల ఉన్నరు. వాళ్లంతా క్రీ.పూ. 3వ శతాబ్దపోళ్లు. వాళ్ల పేర్లు రాయించిన అశోకుడు వాళ్లకంటె వెయ్యేండ్ల ముందు ఎట్లుంటడు? ఈ రాళ్లు మనకు దూరమేం గాదు. అశోకుని పద్నాలుగు శాసనాల వరుస కర్నూలు దిక్కు ఎర్రగుడిల కూడా ఉంది.

మరి పురాణాలు ఉత్తయేనా అంటే, అదీ గాదు. జగిత్యాల జిల్లా కోటిలింగాలల గోదారి ఒడ్డున దొరికిన నాణేల మీద శాతవాహన రాజు సిముకుని పేరుంది. నానేఘాట్ గుహల కూడా ఉంది. పురాణాల రాజుల పట్టీల ఆంధ్ర వంశపు మొదటి రాజు పేరు కొంచెం మారినా ఆయనే అని చరిత్రకారులు ఒప్పుకున్నరు. ఇంగ్లీషోడైన పార్జిటరే పురాణాల్లోని కలియుగ రాజవంశాల పాఠాలన్ని కూర్చి 1913ల పుస్తకం దెచ్చిండు. అంటే పురాణాలను అందరూ పగోళ్ల లెక్క చూడలే. రాయితోని, నాణెంతోని సరిజూసి, నిలిచిందాన్ని తీసుకున్నరు.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, నవలల్లోని లెక్కలు ఇయ్యాల ఫోన్లల్ల చరిత్ర పేరు మీద తిరుగుతున్నయి. 'మన చరిత్ర దాచిపెట్టిన్రు' అని రాస్తే చాలు, సరిజూసెటోడు లేడు. పిల్లలు దాన్నే నిజమనుకుంటే రేపు శాసనం సదివే ఓపిక ఎవనికుంటది? ఇంకో దిక్కు, లెక్క తప్పని చెప్పి నవలలనే అటకెక్కిస్తే మనమే ఓ పెద్ద కథకుణ్ని పోగొట్టుకుంటం.

అందుకని సదువుండ్రి. 'పులిమ్రుగ్గు', 'హెలీనా' దొరికితే ఇడువకుండ్రి. మంత్రగాని కథ వింటూ భయపడుండ్రి, రాజు ఓడితే బాధపడుండ్రి. తేదీ కావాలంటే మాత్రం నవల మూసి, ఎర్రగుడి రాయి కాడికి పోండ్రి.