కారు నల్ల ప్లాస్టిక్‌కు వేసిన రంగు ఎందుకు పెచ్చులూడుతుంది? సుక్మా ఎండకు, వానకు ఏది నిలుస్తుంది?

జగదల్‌పూర్ నుంచి సుక్మా, దోర్నపాల్, కొంటా మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వైపు వచ్చేది 30వ నంబరు జాతీయ రహదారి. ఈ దారిలో నాలుగైదేళ్లు తిరిగిన కారు వయసు బాడీ రంగు కంటే ముందు ప్లాస్టిక్ భాగాల్లో బయటపడుతుంది. బంపర్ అంచులు, చక్రాల పైనుండే వంపులు, తలుపుల కింది పట్టీలు నలుపు పోయి బూడిద రంగుకు తిరుగుతాయి.

అమ్మకానికి పెట్టే ముందో, కిరాయికి తిప్పే బండి కొత్తగా కనబడాలనో వాటికి నల్ల స్ప్రే కొట్టించడం మామూలే. చాలాసార్లు ఆ రంగు ఒక్క వానాకాలం దాటకుండానే పెచ్చులుగా లేస్తుంది. తప్పు రంగు డబ్బాదని అనుకుంటారు. నిజానికి తప్పు చాలావరకు రంగుకు ముందు జరగాల్సిన పనిలోనే ఉంటుంది.

నలుపు ఎక్కడికి పోతుంది?

ఈ భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. దెబ్బకు పగలకుండా అందులో కొంత రబ్బరును, బిగువు కోసం టాల్క్ పొడిని కలుపుతారు. నలుపు పైపూత కాదు. ప్లాస్టిక్‌లోనే కలిపిన కార్బన్ బ్లాక్ వల్ల వస్తుంది. అందుకే రాయి తగిలి గీత పడినా లోపల కూడా నల్లగానే ఉంటుంది. గరుకుదనం ఆ గీతలను మరింత దాచేస్తుంది. కంపెనీలు ఈ భాగాలకు రంగు వేయకుండా వదిలేయడానికి ఖర్చుతో పాటు ఇదీ ఒక కారణం.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని పొడవైన అణుగొలుసులను తెంచుతాయి. కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడి, టాల్క్ బయటపడుతుంది. ఆ ఉపరితలం మీద వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. గరుకు గుంటల్లో చిక్కుకున్న ఎర్రమట్టి దానికి తోడవుతుంది.

తామరాకు మీద నీటిబొట్టు

ద్రవం ఒక ఉపరితలంపై పరుచుకోవాలంటే ఆ ఉపరితలానికి తగినంత శక్తి ఉండాలి. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. పాలీప్రొపిలీన్ ఉపరితల శక్తి 30 దగ్గరే ఉంటుంది. అందుకే దానిపై నీరు తామరాకు మీద బొట్టులా ముడుచుకుపోతుంది. రంగు పరుచుకున్నట్టు కనిపించినా పట్టు చిక్కదు. పైగా ఈ ప్లాస్టిక్ ఎండకు సాగడం, చలికి ముడుచుకోవడం ఉక్కు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. పట్టు లేని పొర ఆ కదలికకే లేచిపోతుంది.

మరి బాడీ రంగులో ఉండే బంపర్లూ ఇదే ప్లాస్టిక్ కదా, వాటి రంగు ఎలా నిలుస్తోంది? ఫ్యాక్టరీలో రంగుకు ముందు వాటి మీద క్షణకాలం మంటను తిప్పడమో, ప్రత్యేక ప్రైమర్ పూయడమో చేస్తారు. మంట తగిలిన ఉపరితలంలో ఆక్సిజన్ చేరి రంగుకు పట్టు దొరుకుతుంది. షెడ్డులో ఆ పని చేయాల్సింది అడ్హిజన్ ప్రమోటర్. ఇందులో ఎక్కువగా వాడే క్లోరినేటెడ్ పాలియోలెఫిన్ ఒకవైపు ప్లాస్టిక్‌ను, మరోవైపు రంగును పట్టుకుంటుంది. మామూలు ప్రైమర్‌కు ఆ గుణం లేదు.

పని వరుస

భాగాన్ని విప్పగలిగితే వెనక వైపు అచ్చులో పోసిన అక్షరాలు చూడాలి. పీపీ, ఈపీడీఎం అని ఉంటే ప్రమోటర్ తప్పనిసరి. చివర టీ20 అని ఉంటే 20 శాతం టాల్క్ ఉందని అర్థం. ఏబీఎస్ అయితే రంగు తేలిగ్గానే పడుతుంది, కానీ ఘాటైన థిన్నర్ దాన్ని కరిగించగలదు.

ముందుగా సబ్బునీళ్లు, నైలాన్ బ్రష్‌తో గుంటల్లోని మట్టిని తీయాలి. నలుపు కోసం అంతకుముందు రాసిన నూనె, సిలికాన్ పాలిష్‌లే ఈ పనికి పెద్ద శత్రువులు. వాటి జిడ్డు మిగిలితే రంగులో చేపకళ్ల లాంటి గుంటలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, గుడ్డ మార్చుతూ రెండుమూడుసార్లు తుడవాలి. ఆ తర్వాత మెత్తని రాపిడి ప్యాడ్‌తో తేలిగ్గా రుద్దాలి. ఎమెరీ కాగితంతో గట్టిగా రుద్దినా, పుట్టీ పెట్టినా అచ్చులో వచ్చిన గరుకుదనం పోతుంది. అది మళ్లీ రాదు.

ప్రమోటర్‌ను పలుచగా కొట్టి, డబ్బాపై చెప్పిన వ్యవధిలోనే రంగు వేయాలి. మందంగా ఒక్కసారి కొడితే గుంటలు పూడుకుపోతాయి. రెండుమూడు పలుచటి పూతలే మేలు. ముందు కనిపించని మూల కొంచెం వేసి, పూర్తిగా ఆరాక టేపు అంటించి లాగి చూస్తే పట్టు ఉందో లేదో తెలిసిపోతుంది.

బస్తర్ వానాకాలపు తేమలో కొన్ని పెయింట్లు తెల్లబారతాయి. ఏప్రిల్, మే ఎండలో వేడెక్కిన భాగంపై రంగు పరుచుకోకముందే ఆరిపోతుంది. వానలు వెనకబట్టాక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన సమయం.

పనివాడి ఊపిరి

హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురేథేన్ పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెచ్చిపెడతాయి. ఒకసారి శరీరం వాటికి స్పందించడం మొదలైతే తర్వాత కొద్ది మోతాదు కూడా ప్రమాదమే. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఆ ఆవిరిని ఆపదు. తగిన రెస్పిరేటర్, గాలి ఆడే చోటు లేకపోతే ఆ రకం పెయింట్ వాడకపోవడమే మంచిది.

అసలు వేయాలా?

మట్టిదారుల్లో రోజూ తిరిగే బండికి చాలాసార్లు వేయకపోవడమే సరైన నిర్ణయం. కంకర దెబ్బకు పూత ఎక్కడో ఒకచోట లేస్తుంది. అక్కడి నుంచి నీరు, దుమ్ము లోపలికి చేరతాయి. పాలిపోయిన ప్లాస్టిక్‌ను శుభ్రం చేసి ట్రిమ్ రెస్టోరర్ పూస్తే కొన్ని నెలలు నల్లగా ఉంటుంది, పోయాక మళ్లీ పూసుకోవచ్చు. పెచ్చులూడిన రంగును మాత్రం గరుకు గుంటల్లోంచి పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం. అప్పుడు మిగిలే దారి ఆ భాగాన్నే మార్చడం. ఎక్కువగా తారురోడ్డు మీదే నడిచే, ప్లాస్టిక్ బాగా పాలిపోయిన కారుకైతే రంగు పనికొస్తుంది. అప్పుడు కూడా ముందుగా ఎంచాల్సింది రంగు బ్రాండును కాదు, ప్రమోటర్ లేకుండా పని మొదలుపెట్టని మెకానిక్‌ను.