కన్నుల క్రింది నలుపు



చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకుగాని, అశోక్ నగరములోని కోచింగు కేంద్రములకుగాని పోయి చూచినచో, జిల్లాలనుండి వచ్చి గ్రూపు పరీక్షలకు చదువుకొనుచున్న బాలికలు వందలకొలఁది కనఁబడుదురు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు బాలికలకై తెలుఁగు పాఠశాలను స్థాపించిన నాఁడు ఆఁడపిల్లను బడికిఁ బంపుటయే పెద్దమాట. ఆ పాఠశాలయున్న నారాయణగూడలోనే నేఁడు వసతిగృహముల దీపములు అర్ధరాత్రి దాఁటినను ఆఱవు. ఈ చదువునకు మేము సంతసించుచున్నాము. ఆ పిల్లల కన్నుల క్రింది నలుపును జూచి విచారించుచున్నాము.

అట్టి బాలిక యొకతె మాయింటికి వచ్చి, “పిన్నిగారూ, ఈ క్రీము పూసికొన్న కొత్తలో నలుపు తగ్గినది. ఇప్పుడు మానినచో మంటయు, ఎఱ్ఱదనమును వచ్చుచున్నవి. వచ్చే నెలలో సంబంధమువారు చూడవత్తురని అమ్మ తొందరపడుచున్నది” అని కన్నీరు పెట్టుకొన్నది. ట్యూబుపై చదువఁగా అందు స్టెరాయిడు మందు కలదు! కావున ఈ విషయమును మన యిండ్లలో నందఱు నెఱుఁగుట మంచిదని తలఁచితిమి.

ఈ నలుపునకుఁ గారణ మొక్కటి కాదు. కంటిరెప్పల చర్మము శరీరమంతటిలో మిక్కిలి పలుచనిది. సుమారు అర మిల్లీమీటరు. అందుచే లోపలి రక్తనాళములు పైకి నీలముగాఁ దోఁచును. నిద్ర చాలనపుడు ముఖము పాలిపోయి అది మఱింత స్పష్టమగును. కొందఱికి వంశానుగతముగా మెలనిను అను రంగుపదార్థము అచట హెచ్చుగా నుండును. ఎలర్జీ దురదచే కన్నులు నులుముకొనువారికిని, కాటుక పడనివారికిని నల్లని మచ్చ నిలుచును. వయసు ముదిరినకొలఁది రెప్పక్రింద పల్లమేర్పడి నీడ పడును.

అద్దము ముందు, వెలుతురు ముఖమున కెదురుగాఁ బడునట్లు నిలువుఁడు. నలుపు తగ్గినచో అది పల్లపు నీడ. చర్మమును మెల్లగా సాగఁదీసినపుడు గోధుమరంగు అట్లే యున్నచో మెలనిను. ఊదారంగు హెచ్చినచో రక్తనాళముల ఛాయ. పెక్కుమందికి ఇవి కలిసియే యుండును.

చికిత్సయు కారణము ననుసరించియే యుండవలెను. ఏడుగంటల నిద్ర, చన్నీటి గుడ్డను పది నిమిషము లుంచుట, కన్నులు నులుముట మానుట, ఎండలో సన్‌స్క్రీను వాడుట అందఱికిని మేలు. రంగు హెచ్చినవారికి విటమిను సి, రెటినాలు క్రీములు నెలల తరబడి వాడఁగా కొంత గుణమిచ్చును. గర్భవతులు రెటినాలు వాడరాదు. పీలింగు, లేసరు, పల్లము నింపు ఇంజెక్షను మొదలగునవి శస్త్రము లేని పద్ధతులేయైనను, చర్మవైద్యులచేతనే చేయించుకొనవలెను. ఇంజెక్షను తప్పి రక్తనాళమునఁ బడినచో, అరుదుగానైనను చూపే పోవచ్చును.

స్టెరాయిడు క్రీములను వైద్యుని చీటి లేక అమ్మరాదని 2018లో ప్రభుత్వము నిర్ణయించినది. అవి చర్మమును పలుచఁజేయును. కంటి దగ్గఱ చిరకాలము వాడినచో నీటికాసులు, శుక్లములు రావచ్చును. ఇదివఱకే వాడుచున్నవారు వైద్యుని యడిగియే మానవలెను.

మఱియొక మాట. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి 57 మందికిఁ బైగా రక్తహీనత కనఁబడినది. రక్తము తక్కువై ముఖము పాలిపోయినచో కన్నుల క్రింది నలుపు మఱింత యెత్తి చూపును. హీమోగ్లోబిను 12కు తక్కువైనచో వైద్యుఁడు చెప్పిన ఇనుపమాత్రలు వాడుకొని, ఆకుకూరతో నిమ్మరసము చేర్చుకొని, భోజనముతోఁ గాఫీ, టీ మానవలెను.

మాయింటికి వచ్చిన బాలికను వైద్యునియొద్దకుఁ బంపితిమి. హీమోగ్లోబిను 9 మాత్రమే యున్నది! కొన్ని నెలలకు ముఖమున కళ వచ్చినది; నలుపు కొంత తగ్గినది గాని పూర్తిగాఁ బోలేదు. ఆమె తల్లికిని అట్టి ఛాయయే కలదు. “అమ్మ పోలికయే కదా, ఉండనిండు పిన్నిగారూ” అని నవ్వినది.

తల్లులారా! బిడ్డకు క్రీము కొనుటకు ముందు, “అన్నము తింటివా? రాత్రి నిద్రపోతివా?” అని యడుగుఁడు.