‘వెదర్’ చేయడమంటే ఏమిటి?

ఒకనాటి సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలుచున్నాను. ఆకాశం నల్లగా మూసుకు వస్తోంది. మా తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు కనబడి అడిగాడు: “మాస్టారూ, ఓడ తుఫానును వెదర్ చేసిందని చదివాను. వెదర్ అంటే వాతావరణం కదా! దాన్ని చేయడమేమిటి?”

మంచి ప్రశ్న. ఇంగ్లీషులో ‘వెదర్’ నామవాచకమే కాదు, క్రియ కూడా. క్రియగా దానికి రెండు అర్థాలున్నాయి.

“ది రాక్ వెదర్డ్” అంటే రాయి ఎండకు, వానకు, గాలికి శిథిలమైందని అర్థం. మీరు పాఠంలో చదివే శిలాశైథిల్యం ఇదే. కృష్ణానది పుట్టిన మహాబలేశ్వరం కొండల్లోని నల్లరాయి ఇట్లాగే పొడి అవుతుంది. నది మోసుకు వచ్చిన ఇలాంటి మట్టితోనే మన డెల్టా ఏర్పడింది.

“ది షిప్ వెదర్డ్ ది స్టార్మ్” అన్నప్పుడు క్రియకు కర్మ ఉంది చూడండి. ఇక్కడ ఓడ శిథిలం కాలేదు. తుఫానును తట్టుకొని బయటపడింది. ఇది నావికుల వాడుక. ‘ఫేస్’ అంటే ఎదుర్కొనడం మాత్రమే. ‘వెదర్’ అంటే ఎదుర్కొని, దాటి రావడం.

దీనికి మన తెలుగులో చక్కని మాట ఉంది: గట్టెక్కడం! నీటిలో చిక్కినవాడు గట్టు ఎక్కితేనే కదా బ్రతికినట్లు!

ఈ తేడా మన జిల్లాకు అనుభవమే. 1977 నవంబరు 19న దివిసీమపై తుఫాను విరుచుకుపడింది. పెనుగాలి సముద్రపు నీటిని లోతు తక్కువైన తీరం మీదికి నెట్టగా, ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచింది. సుమారు 10,000 మంది చనిపోయారు. వారు ధైర్యం లేనివారు కారు. ఎక్కడానికి గట్టే లేకపోయింది.

1990 మే 9న దాదాపు అంతటి తుఫానే కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటింది. ఈసారి హెచ్చరికలు ముందుగా అందాయి. లక్షలాది మందిని సురక్షిత స్థలాలకు తరలించారు. అయినా వందలాది ప్రాణాలు పోయాయి. కాని మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. రాడారూ, రేడియో, సమయానికి కదిలిన బస్సులూ, లారీలూ – ఇవే ఆనాడు గట్టు అయినాయి.

అంతలో వాన మొదలైంది. మేమిద్దరం ఒక దుకాణం చూరు క్రిందికి పరుగెత్తాం. “మాస్టారూ, ఇప్పుడు మనం వానను వెదర్ చేస్తున్నామా?” అన్నాడు వాడు. పాఠం వంటబట్టింది!

మీరూ ‘వెదర్’ క్రియతో రెండు వాక్యాలు వ్రాయండి: ఒకటి రాయి గురించి, ఒకటి మీ ఊరివారు గట్టెక్కిన కష్టం గురించి.